గోడకు మూడడుగుల దూరంలో

ఈ మధ్య నారాయణగూడలో ఒక చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఎదుటివాళ్ల మాటల్లో చివరి ముక్కలు నాకు అందడం లేదని ఇంట్లో వాళ్ల ఫిర్యాదు. అక్కడ పనిచేసే అమ్మాయి నన్ను మెత్తటి గోడలున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, చేతిలో ఒక బటన్ పెట్టింది. "సౌండ్ వస్తే నొక్కుండ్రి అంకుల్. రాకుంటే ఊకె కూసోండ్రి. గంతే," అన్నది. ఉద్యోగకాలమంతా ప్రశ్నపత్రాలు తయారుచేసిన నేను ఇంత తేలిక ప్రశ్న ఎవరికీ ఇచ్చి ఉండను. అయినా తలుపు మూసిన కాసేపటికే తికమక మొదలైంది. ఎక్కడో లోతున ఏదో సన్నగా మోగుతున్నట్టుంది. అది యంత్రం నుంచి వస్తున్నదో, రావాలని నేను ఎదురుచూస్తున్నందువల్ల వస్తున్నదో తేల్చుకోలేక చివరికి నొక్కాను. అద్దం అవతల ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అంకుల్, నేనింక షురూనే చెయ్యలే!"

బయటికి వచ్చి ఆటో ఎక్కకుండా చిక్కడపల్లి మీదుగా అశోక్ నగర్ దాకా నడిచాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కిరాయికున్న ఇల్లు ఆ గల్లీలోనే ఉండేది. ఇప్పుడక్కడ పోటీ పరీక్షలకు చదివే పిల్లల హాస్టలు లేచింది. మెస్సులోంచి సాంబారు వాసన వస్తున్నది. నాకు కాలేజీ రోజుల నుంచీ డైరీ రాసే అలవాటు. ఇంటికి వచ్చి ఆ సంవత్సరాల డైరీలు దించి తిరగేశాను. నల్లా ఏ పూట వచ్చింది, ఏ తరగతిలో ఏ పాఠం ఎంతవరకు అయింది, ఎండ ఎట్లా ఉంది, అన్నీ వరసగా ఉన్నాయి. నాకు కావలసిన రోజు దగ్గర మాత్రం "బంద్. కాలేజీ లేదు. మధ్యాహ్నం కింది వాళ్లింట్లో" అని ఒక్క వాక్యం. అర్థమైన సంగతులను వివరంగా రాసుకున్నాను. అర్థం కానిదాన్ని ఎట్లా రాయాలో అప్పుడు తెలియనట్టుంది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నేను నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు మీడియం పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ని. పెళ్లి కాలేదు. పై అంతస్తులో ఒక గది, దాని ముందు రేకుల వంటిల్లు నావి. కింద ఇంటివాళ్లు. ఇంటి యజమానురాలు అనసూయమ్మ గారు. యాభై దాటిన మనిషి, భర్త పోయి చాలా ఏళ్లయింది. ఆమె కొడుకు రమేశ్, కోడలు విజయ. అంతే ఆ ఇల్లు. తెల్లవారుజామున నల్లా కూత పెట్టగానే కింద బిందెల చప్పుడు మొదలయ్యేది. విజయ నీళ్లు పట్టేది, అనసూయమ్మ గారు చింతపండు పులుసుతో ఇత్తడి చెంబులు తోమేది. ఆ పుల్లటి తడి వాసన, దాని మీద జొన్నరొట్టె కాలే వాసన, ఆ పైన దేవుడి గదిలోంచి ఊదుబత్తి. ఈ మూడూ మెట్ల మీదుగా పైకి వచ్చేసరికి నేను లేచి కూర్చునేవాణ్ని. ఇప్పుడు మా ఇంట్లో పొద్దున ఏ వాసనా రాదు. ముక్కు కూడా చెవుల దారినే పోతున్నదేమో, ఆ పరీక్ష ఇంకా చేయించలేదు.

వాళ్లకు సుల్తాన్ బజార్‌లో గిన్నెల దుకాణం ఉండేది. స్టీలు, ఇత్తడి, కొద్దిగా కంచు. పొద్దున రమేశ్ స్కూటర్ మీద వెనక కూర్చుని అనసూయమ్మ గారు కూడా దుకాణానికి వెళ్లేది, పొద్దుగూకే వేళకు తిరిగి వచ్చేది. బేరాలు రమేశ్ చూసుకునేవాడు, సరుకు ఆమె చూసేది. చూసేది అంటే వినేది. ఇత్తడి బిందె గానీ కంచు పళ్లెం గానీ ఎడమచేతి వేళ్ల మీద నిలబెట్టి, కుడిచేతి మధ్యవేలి కణుపుతో అంచున ఒక్కసారి తట్టి, కళ్లు మూసుకునేది. మోత సన్నగా సాగితే పక్కన పెట్టేది. మధ్యలో వణికితే సరుకు తెచ్చినవాడికి తిప్పి ఇచ్చేది. కంటికి కనబడని పగులును చెవితో పట్టేది. దాని గురించి ఆమెకు గర్వం కూడా ఉండేది. ఒకసారి నేను కొన్న స్టీలు గిన్నెను తట్టి చూసి, "సారూ, ఇది గిన్నె కాదు, రేకు డబ్బా. పాలు పోస్తే పాలకే సిగ్గయితది," అన్నది. అందులోనే నేను చాలాకాలం పాలు కాచుకున్నాను.

ఆ సంవత్సరం ఊరంతా వాస్తు పిచ్చి పట్టింది. తలుపులు తీసి కిటికీలు పెట్టేవాళ్లు, కిటికీలు మూసి తలుపులు పెట్టేవాళ్లు. రమేశ్ కూడా ఒక వాస్తు పండితుణ్ని పిలిపించాడు. ఆయన దిక్సూచి పట్టుకొని ఇల్లంతా తిరిగి, అనసూయమ్మ గారి గదిలో బీరువాను నైరుతి మూలకు జరపమన్నాడు. దాని పక్కనే, తల దక్షిణపు గోడకు ఆనేట్టు ఆమె మంచం వేయించాడు. అంతకుముందు మంచం గదికి అడ్డంగా, కిటికీ పక్కన ఉండేది. వాస్తు మార్చిన తర్వాత దుకాణంలో గిరాకీ పెరిగిందని రమేశ్ అనేవాడు. దసరా ముందు గిన్నెల దుకాణాలన్నిటికీ గిరాకీ పెరుగుతుందని నేను అనలేదు. ఇంచుమించు ఆ రోజుల్లోనే వెనక గల్లీలో రెండు స్తంభాల మధ్య కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కించారు.

ఆ తర్వాత కొద్ది రోజులకు అనసూయమ్మ గారు నిద్ర పట్టడం లేదని మొదలుపెట్టింది. పడుకుంటే చెవిలో ఏదో మోత, తుమ్మెద చెక్కలో ఇరుక్కున్నట్టు, ఆగకుండా. కొడుకు వచ్చి చూశాడు, ఏమీ వినబడలేదు. కోడలు వచ్చింది, ఆమెకూ వినబడలేదు. డాక్టరు వచ్చి కుర్చీలో కూర్చొని, ఇద్దరు ముగ్గురిని నిశ్శబ్దంగా ఉండమని విన్నాడు, ఏమీ లేదన్నాడు. పైగా ఆమె చెప్పే మాట ఒకటి అందరినీ భయపెట్టింది. "కరెంటు పోతె నిమ్మళం. అప్పుడు మంచిగ నిద్ర వస్తది," అనేది. నెలలు గడిచి, ఎండలు మొదలై, కరెంటు పోతే బస్తీ అంతా విసనకర్రలతో అరుగుల మీద కూర్చునే రోజులవి. అందరూ కరెంటు వాళ్లను తిడుతుంటే ఈమె ఒక్కతే గదిలో చెమటలు కారుతూ హాయిగా గుర్రుపెట్టేది. ఆమె తలలోనే ఏదో తేడా వచ్చిందనడానికి ఇంతకన్న రుజువు ఏం కావాలి? డాక్టరు రాత్రి పూట వేసుకొమ్మని గోలీలు రాశాడు. అవి వేసుకుంటే పొద్దున పది దాకా కళ్లు తెరవలేకపోయేది. చెంబులు తోమకుండా మిగిలిపోయేవి. ఆమె దుకాణానికి పోవడం కూడా ఆగిపోయింది.

రమేశ్ చెడ్డవాడు కాదు. తల్లి మీద ప్రేమ లేక చేసిన పనీ కాదు. ఒక పొద్దున మెట్ల దగ్గర నన్ను ఆపి నెమ్మదిగా అన్నాడు: "ఏం చెయ్యాలె సార్? అమ్మ చెవుల్ల మోత అంటది. గిరాకీ ముందల పళ్లెం తట్టి, లేని పగులు ఉన్నదంటే దుకాణం పేరు ఏం గావాలె? ఇంట్ల కూసోమన్న. మూడు దినాల సంది నాతోని మాట్లాడ్తలేదు. మీరు ఫిజిక్స్ సార్ గద. జర చూసి చెప్పుండ్రి. మీరు లేదంటే ఇంటది."

నేను వెళ్లాను. గదిలో బీరువా ముందు ఒక కుర్చీ వేసి ఉంది. వచ్చినవాళ్లందరికీ అదే చోటు. డాక్టరు కూర్చున్నదీ అక్కడే. మంచం ఆమెది. ఆ ఇంట్లో పెద్దవాళ్ల మంచం మీద ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. విజయ పక్క దులపడానికి వచ్చినా వంగి దులిపి వెళ్లిపోయేది. ఇక కిరాయికున్న పెళ్లికాని మగవాడి సంగతి చెప్పాలా? నేను కుర్చీలో కూర్చొని, కళ్లు మూసుకొని, నాకు తెలిసిన మేరకు శ్రద్ధగా విన్నాను. ఫ్యాను ఆపించి విన్నాను. ఏమీ లేదు.

అనసూయమ్మ గారు మంచం మీద కూర్చొని వక్క కొరుకుతూ నన్నే చూస్తున్నది. "ఏం ఇన్నరు సారూ?"

"ఏం వినబడలేదమ్మా."

"ఆ కుర్చీల కూసుంటే నాకు సుత ఇనవడది. తలకాయ గోడకు పెడితెనే వస్తది."

ఇక్కడ నేను ఉలిక్కిపడ్డాను. వెనక ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా గుంయిమంటుందని నాకు తెలుసు. ఆ మోత కిటికీలోంచి గదిలోకి వచ్చి, ఎదుటి గోడకు తగిలి వెనక్కు మళ్లి, వచ్చేదీ పోయేదీ కలిసి గదిలో స్థిర తరంగం నిలబడవచ్చునని వచ్చే దారిలోనే అనుకున్నాను. కానీ స్థిర తరంగంలో గోడ దగ్గర ఏముంటుందో ప్రతి సంవత్సరం నేనే కదా బోర్డు మీద గీసి చెప్పేది! గోడ దగ్గర గాలి కదలడానికి వీలుండదు. అది అస్పందన బిందువు. అక్కడే అన్నిటికన్న నిశ్శబ్దంగా ఉండాలి. గోడకు కొంత దూరంలో, కుర్చీ ఉన్నచోట ఇంచుమించు, వినబడాలి. ఈమె సరిగ్గా తిరగేసి చెబుతున్నది.

"గోడ దగ్గర ఉండదమ్మా, ఉంటే ఇక్కడ ఉండాలి," అన్నాను.

ఆమె వక్క నమలడం ఆపింది. "మీ పుస్తకంల గోడ వేరే ఉన్నట్టుంది సారూ. మా ఇంట్ల గోడ ఇది."

రమేశ్ గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. బయటికి వచ్చాక ట్రాన్స్‌ఫార్మర్ సంగతి చెప్పాను. "ట్రాన్స్‌ఫార్మర్ గల్లీ మొత్తానికి ఉన్నది గద సార్. మరి ఒక్క అమ్మ తలకింది మెత్తకే ఎందుకు ఇనవడ్తది?" అన్నాడు. నాకు తెలియదన్నాను. అది నిజం. రమేశ్ తల ఊపిన తీరు చూస్తే, నేను లేదని చెప్పినట్టే తీసుకున్నాడని తెలిసింది. వరంగల్‌లో ఉన్న తన అక్క దగ్గరికి తల్లిని కొన్నాళ్లు పంపుతానన్నాడు. ఎన్నాళ్లని నేను అడగలేదు.

ఆ వారం నేను చెప్పవలసిన పాఠం కూడా అదే కావడం నా ఖర్మ. కిటికీ ఊచకు తాడు కట్టి రెండో కొస ఊపుతూ పిల్లలకు చూపించాను. తాడు ఉబ్బిన చోట్లు, కదలకుండా నిలిచిన చోట్లు. "ఊచ దగ్గర తాడు కదులుతున్నదా?" "లేదు సార్." "కదలకుంటే చప్పుడు ఉంటుందా?" "ఉండదు సార్." తరగతి మొత్తం ఒక్క గొంతుతో అన్నది. అంతమంది అంత నమ్మకంగా అంటే నాకు ఇంకా తికమకైంది. నీళ్ల గొట్టం ప్రయోగం కూడా అదే చెబుతున్నది: శ్రుతిదండాన్ని గొట్టం మూతి దగ్గర పెడితే, నీటి మట్టం సరిపోయినప్పుడు గొట్టం ఒక్కసారిగా గొంతెత్తుతుంది. గాలి ఎక్కువగా కదిలేది ఆ మూతి దగ్గరే. కాబట్టి కదలిక ఉన్నచోటే చప్పుడు. దీంట్లో తప్పెక్కడుంది? ఒకవేళ తప్పు లేకపోతే, అనసూయమ్మ గారు అబద్ధం చెబుతున్నట్టా? అబద్ధం చెప్పేవాళ్లు కుర్చీలో కూర్చుంటే తమకూ వినబడదని ఎందుకు ఒప్పుకుంటారు?

మా విభాగానికి పెద్ద నర్సింగరావు సార్. పదవీ విరమణకు దగ్గరపడ్డ మనిషి. నారాయణగూడ చౌరస్తాలో ఇరానీ హోటల్లో ఆయనకు ఒక మూల బల్ల ఉండేది. అక్కడ చెప్పాను. ఆయన చాయ్ సాసర్లో పోసుకొని ఊదుతూ మొత్తం విన్నాడు.

"పొద్దుగాల ఇక్కడి నుంచి కోఠి బస్సు ఎక్కినవా ఎప్పుడన్న?"

"రోజూ చూస్తుంటాను సార్."

"చూసుడు కాదు, ఎక్కుడు. డ్రైవర్ వెనకాల ఇనుప జాలీ ఉంటది. బస్సు నిండినంక ఆ జాలీకి ఆనినోడు ఉంటడు సూడు, డ్రైవర్ బ్రేక్ కొడితే వాడు కదులుతడా?"

"కదలడు. చోటేది?"

"మరి పక్కబొక్కలు ఎవనియి ఇరుగుతయ్?"

"వానివే."

"నడుమ నిలబడ్డోడు ముందలకు ఎనకకు ఊగుతడు, వానికి ఏం గాదు. నీ గోడకాడి గాలి ఆ జాలీకాడి మనిషి. కదలడు, కానీ నలుగుతడు. చెవి దేన్ని ఇంటదయ్యా? కదలికనా, ఒత్తిడినా?"

నేను గొట్టం సంగతి గుర్తు చేశాను. ఆయన విసుక్కున్నాడు. "మూతికాడ చప్పుడు బయటికి దుంకుతది కాబట్టి నీకు ఇనవడ్తది. గొట్టం లోపల చెవి పెట్టినవా ఎన్నడన్న? పెట్టలే. నేనూ పెట్టలే. పరీక్షల రాదు గద!" అని సాసర్ ఎత్తి తాగేశాడు.

ఇంటికి వచ్చి కాగితం మీద చేశాను. స్థానభ్రంశం ఎక్కడ సున్నానో పీడనం అక్కడే గరిష్ఠం. రెండు పంక్తుల పని. ఇందులో నాకు తెలియనిది ఒక్కటీ లేదు. అదే ప్రశ్నను రెండు మార్కులకు నేను ఎన్నోసార్లు ఇచ్చాను, ఎన్నో పేపర్లలో దానికి రెండుకు రెండు వేశాను. తెలిసిన విషయమే తెలియకుండా ఇన్నాళ్లు ఎక్కడ ఉండిపోయింది? ట్రాన్స్‌ఫార్మర్ మోతకు సెకనుకు నూరు కంపనాలు వేసుకుంటే, కాగితం ప్రకారం గోడ దగ్గర మోత, గోడకు మూడడుగులకు కొంచెం లోపల నిశ్శబ్దం, మళ్లీ గది నడుమ మోత. మేమందరం కూర్చున్న కుర్చీ సరిగ్గా ఆ నిశ్శబ్దంలో ఉంది. నడుమ నిలబడితే మనకు వినబడేది ఫ్యాను. అయినా నాకు ధైర్యం రాలేదు. కాగితం మొన్నటిదాకా ఇంకోటి చెప్పిందని నేను నమ్మాను కదా, ఇవాళ ఇది చెబుతున్నదని ఎట్లా నమ్మాలి?

ఆ తర్వాత బంద్ వచ్చింది. బస్సులు లేవు, దుకాణాలు మూసేశారు, క్రాస్ రోడ్డు దగ్గరి సినిమా హాళ్లన్నిటికీ తాళాలు. మధ్యాహ్నం ఎండలో అశోక్ నగర్ అంత నిశ్శబ్దంగా ఉండటం నేను ముందు ఎప్పుడూ వినలేదు. రమేశ్ ఇంట్లోనే ఉన్నాడు. మర్నాడు బస్సులు తిరిగితే తల్లిని వరంగల్ తీసుకెళ్లడానికి ఒక సంచి సర్ది గుమ్మం పక్కన పెట్టి ఉంది. నేను కిందికి దిగి, ఒక్కసారి గోడ దగ్గర విని చూద్దామన్నాను. ఎవరు వినాలన్నది వెంటనే ప్రశ్న అయింది. తల ఆ మెత్త మీద పెట్టాలి. నేను విజయ వైపు చూశాను.

"అత్తమ్మ మంచం మీదనా?" అని ఆమె ఒక అడుగు వెనక్కు వేసింది.

"పండుకో విజయా," అన్నది అనసూయమ్మ గారు. "నేనేమన్న సచ్చిపోయిన్నా, నా మంచం ముట్టుకుంటే మైల అంటనీకె? మెత్త కొబ్బరినూనె వాసన వస్తది, గంతే."

విజయ కొంగు సర్దుకొని మంచం అంచున కూర్చున్నది, తర్వాత నెమ్మదిగా ఒరిగింది. ఫ్యాను ఆపాము. ఎక్కడో కాకి ఒకటి అరిచి ఊరుకున్నది. విజయ పైకప్పు వైపు చూస్తున్నది. ఆమె ముఖంలో ఏమీ మారలేదు. నాకు గుండె కొట్టుకోవడం వినబడుతున్నది. అది నాదేనని ఖాయంగా చెప్పగలను. చివరికి ఆమె తల తిప్పి అత్త వైపు చూసింది.

"ఇన్ని నెలల సంది దీన్ని ఇనుకుంటనే పండుకున్నరా అత్తమ్మా?" అన్నది.

అనసూయమ్మ గారు వక్కాకు సంచి మూతి బిగించి, విప్పి, మళ్లీ బిగించింది.

"ఏదీ, లెవ్వు," అని రమేశ్ వచ్చి పడుకున్నాడు. కాళ్లు మంచం బయటే ఉంచి, సగం లేచినట్టు పడుకున్నాడు. లేచి, "నాకేం ఇనవడ్తలేదు," అన్నాడు. రోజంతా గిన్నెల మోతలో ఉండే చెవులు కావచ్చు. వినదలచుకోలేదు కావచ్చు. అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. "సార్, మీరు," అన్నాడు. నేను అనసూయమ్మ గారి వైపు చూస్తే ఆమె కళ్లతోనే కానివ్వమన్నది. ఆ మెత్త మీద తల పెట్టాను. కొబ్బరినూనె, దాని కింద పాత దూది వాసన. విన్నాను. ఉంది. తుమ్మెద మోత, ఆమె చెప్పినట్టే. కానీ ఉండాలని నాకు ముందే తెలుసు, కాగితం మీద రాసుకొని మరీ వచ్చాను. నేను వింటున్నది గోడనా, నా లెక్కనా? ఏమీ తెలియకుండా పడుకున్న విజయ చెప్పింది సాక్ష్యం. నాది ఏమిటో నాకు తెలియలేదు. "వినబడుతున్నట్టే ఉంది," అన్నాను. అంతకన్న గట్టిగా అనలేకపోయాను.

"మీ ఇద్దరి పంచాయతీ వద్దుగని," అని అనసూయమ్మ గారే లేచింది. దక్షిణపు గోడకు చెవి ఆనించి నిలబడి, కళ్లు మూసుకొని, గోడను వదిలి మెల్లగా ముందుకు నడవడం మొదలుపెట్టింది. "ఉన్నది... ఉన్నది... సన్నగైంది... లేదు." నా జేబులో సుద్దముక్క ఉంటే విజయకు ఇచ్చాను. ఆమె అత్త పాదాల దగ్గర కూర్చొని నేల మీద గీత గీసింది. "మళ్ల వచ్చింది... గట్టిగైంది," గది నడుమ రెండో గీత. ఆమె పళ్లెం తట్టినప్పుడు పెట్టే ముఖం పెట్టి ఎదుటి గోడ దాకా నడిచింది. తర్వాత నేను టేపు పెట్టి కొలిచాను. వరస నా కాగితంలో ఉన్న వరసే. కానీ మొదటి గీత నా లెక్కకు జానెడు అవతల పడింది. బీరువా వల్లనా, కిటికీ వల్లనా, ఎండ వేడికి గాలిలో ధ్వని వేగం మారడం వల్లనా? ఆ జానెడు నేల ఇప్పటికీ నాకు లెక్క తేలలేదు.

మంచాన్ని గోడ నుంచి ముందుకు ఈడ్చి, మెత్త మొదటి గీత మీదికి వచ్చేట్టు వేశాము. తల దక్షిణానికే ఉంది కాబట్టి వాస్తుకు దోషం లేదని విజయ అన్నది. అనసూయమ్మ గారు పడుకొని, కాసేపటికి "పోయింది," అన్నది. అంతే, సాయంత్రం దాకా నిద్రపోయింది. గోలీ లేకుండా. రమేశ్ మాత్రం "మంచం జరిపితే అమ్మకు నయమైంది," అన్నాడు. జబ్బు ఇంకా ఆమెదేనన్న మాట. పొద్దుగూకాక నేను పైన అన్నం వండుకుంటుంటే కింద విజయ గొంతు వినబడింది. ఆమె గొంతు అంత పెద్దగా అంతకుముందు వినలేదు. "నాకు సుత గోలీలు తెప్పియ్యి మరి. నేను సుత ఇన్న గద. నన్ను సుత మా అమ్మగారింటికి తోలియ్యి, ఆ సంచిల నా చీరలు సుత పెట్టు." రమేశ్ ఏమన్నాడో వినబడలేదు. మర్నాడు బస్సులు తిరిగాయి. ఎవరూ వరంగల్ వెళ్లలేదు.

ఆ రోజులకూ ఈ రోజులకూ ఏది మేలని నన్ను అడిగితే చెప్పలేను. ఇప్పుడు ఫోను గోడ దగ్గర పెడితే మోత ఎంతుందో గీత గీసి చూపిస్తుంది. ఎవరి మంచం మీదా ఎవరూ తల పెట్టనక్కరలేదు, ఎవరి మాటా ఎవరూ నమ్మనక్కరలేదు. అప్పుడు మర్యాద అందరినీ మంచం ముట్టనివ్వకుండా గోడకు మూడడుగుల దూరంలో కూర్చోబెట్టింది, ఆ మూడడుగుల్లోనే అసలు సంగతంతా ఉండిపోయింది. ఆ మర్యాద మంచిదా చెడ్డదా? నేను ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ పిల్లలను గోడకు చెవి పెట్టమనేవాణ్ని. కొందరు వినబడిందనేవాళ్లు, కొందరు లేదనేవాళ్లు. వినబడిందన్నవాళ్లలో సార్ అడిగాడు కాబట్టి అన్నవాళ్లు ఎందరో నాకు ఎన్నడూ తెలియలేదు.

ఒక్కటి మాత్రం సందేహం లేకుండా చూశాను. బంద్ తర్వాత రెండు మూడు రోజులకు, పొద్దున నేను కాలేజీకి దిగుతుంటే, రమేశ్ గేటు దగ్గర స్కూటర్ స్టార్ట్ చేసి నిలబడ్డాడు. అనసూయమ్మ గారు ఉతికిన చీర కట్టుకొని, వక్కాకు సంచి నడుముకు దోపుకొని, అరుగు మీద నిలబడి ఉన్నది. స్కూటర్ దడదడమంటున్నది. ఆమె దిగలేదు.

"రా అమ్మా, ఆలస్యమైతది," అన్నాడు రమేశ్.

ఆమె కదలలేదు.

"ఇప్పుడైతే ఇనవడ్తలేదు గద?" అన్నాడు, హ్యాండిల్ వైపు చూస్తూ.

"ఏది?"

"అదే."

"అదే అంటే ఏది బిడ్డా?"

రమేశ్ నా వైపు చూశాడు, లోపలి గుమ్మంలో నిలబడ్డ విజయ వైపు చూశాడు. స్కూటర్ ఆపేశాడు. గల్లీ ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

"గోడకాడి మోత," అన్నాడు.

అనసూయమ్మ గారు అరుగు దిగి వచ్చి, అతని భుజం మీద చెయ్యి వేసి వెనక కూర్చున్నది.

"లేదు. నడువు," అన్నది.